లైట్‌రూమ్ క్లాసిక్, డావిన్చి రిజాల్వ్: పెళ్లి స్టూడియో పనికి ఎంతవరకు ఒదుగుతాయి?

పెళ్లయిన నెల రోజులకు పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి, “మా ఆల్బమ్ ఎక్కడిదాకా వచ్చిందండీ?” అని అడిగినప్పుడు, డిజైనర్‌ను పిలవకుండా, హార్డ్ డిస్కులు వెతక్కుండా, తెర మీద ఒక్కసారి చూసి జవాబు చెప్పగలగాలి. స్టూడియోలో వాడే ఏ సాఫ్ట్‌వేర్‌నైనా నేను ముందుగా ఈ పరీక్షకే నిలబెడతాను. రంగులు బాగా రావడం, వేగంగా నడవడం ముఖ్యమే కాని, పని ఏ దశలో ఉన్నదో, ఎవరి చేతిలో ఉన్నదో మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడకుండా సాఫ్ట్‌వేర్‌లోనే నమోదై ఉండడం అంతకంటే ముఖ్యం. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల్లో మాఘ ఫాల్గుణాలు వచ్చాయంటే ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్నవరం కొండ మీద ఒక పెళ్లి, అదే రాత్రి పల్లెలో పందిట్లో మరో పెళ్లి ఒప్పుకున్న స్టూడియోలో కెమెరా మెమరీ కార్డులు కలిసిపోకుండా, దశలు తప్పిపోకుండా చూసుకోవడమే సగం పని. ఆ దృష్టితోనే ఫోటోలకు అడోబీ వారి లైట్‌రూమ్ క్లాసిక్‌ను, వీడియోకు బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి డావిన్చి రిజాల్వ్‌ను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ధర విషయం క్లుప్తంగా చెబుతాను. లైట్‌రూమ్ క్లాసిక్ చందా మీదనే దొరుకుతుంది. 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6 తరువాత ఒకేసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే వీలు పోయింది. రిజాల్వ్‌కు ఉచిత కూర్పు ఉంది, ఒక్కసారి కొనుక్కునే స్టూడియో కూర్పు కూడా ఉంది. ఉచిత కూర్పు 8 బిట్ (రంగులు ఎంత సూక్ష్మంగా నమోదవుతాయో చెప్పే కొలత) వీడియోకు, 3840×2160 పరిమాణం వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు అని కంపెనీయే ప్రకటించింది. 10 బిట్‌లో తీసే కెమెరాలు ఉన్నవారు తమ ఫైళ్లను ముందుగా ఉచిత కూర్పులో తెరిచి చూసుకున్నాకే పెళ్లి పని అందులో మొదలుపెట్టాలి.

లైట్‌రూమ్‌లో మనకు కావలసిన పనుల వరుసను అమర్చుకోవడం దిగుమతి దగ్గరే ప్రారంభమవుతుంది. కార్డు పెట్టగానే ఫోటోలు ఏ ఫోల్డరులోకి వెళ్లాలి, పేర్లు ఎలా మారాలి, స్టూడియో పేరు, హక్కుల వివరాలు ఎలా చేరాలి, రెండో కాపీ ఏ డిస్కులో పడాలి అన్నవన్నీ ఒక ప్రీసెట్‌గా, అంటే ముందే సిద్ధం చేసుకున్న అమరికగా, దాచుకోవచ్చు. తెల్లవారుజామున ముహూర్తం ముగించుకుని నిద్రమత్తులో వచ్చిన కుర్రవాడు కూడా ప్రీసెట్ ఎంచుకుని బటన్ నొక్కితే చాలు, ప్రతి పెళ్లీ ఒకే పద్ధతిలో లోపలికి వస్తుంది. పేర్లు మార్చడం మాత్రం దిగుమతిలో వద్దని నా సలహా. ట్రెడిషనల్ (నిలబెట్టి తీసే ఫోటోలు) తీసేవారి కెమెరా గడియారం, క్యాండిడ్ (సహజంగా జరుగుతుండగా తీసే ఫోటోలు) తీసేవారి కెమెరా గడియారం సాధారణంగా కలవవు. నాలుగు నిమిషాల తేడా ఉన్నా మాంగల్యధారణ ఫోటో జీలకర్ర బెల్లం కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. రెండు కెమెరాల్లోనూ పడిన ఒకే క్షణాన్ని పట్టుకుని, ఒక కెమెరా ఫోటోలన్నింటి సమయాన్ని ఆ తేడా మేరకు ఒకేసారి జరిపే సౌకర్యం మెటాడేటా (ఫోటోతో పాటు నమోదయ్యే వివరాలు) మెనూలో ఉంది. ముందు సమయం సరిచేసి, తీసిన వేళ ప్రకారం వరుస పెట్టి, ఆ తరువాతే పేర్లు మార్చితే స్నాతకం నుంచి అప్పగింతల వరకు కథ క్రమంలో నిలుస్తుంది.

ఏరివేత దశలో ఈ సాఫ్ట్‌వేర్ చేతికి బాగా అలవాటవుతుంది. క్యాప్స్ లాక్ వేసి ఉంచి, ఉంచవలసినదానికి పీ, తీసేయవలసినదానికి ఎక్స్ నొక్కుతూ పోతే తెర దానంతటదే తరువాతి ఫోటోకు జరుగుతుంది. ఆ పైన నక్షత్రాలు, రంగు గుర్తులు ఉన్నాయి. ఇవి కేవలం అలంకారాలని చాలామంది వదిలేస్తారు, కాని నిజమైన పనితనమంతా ఇక్కడే ఉంది. మా పద్ధతిలో ఒక నక్షత్రం ఉంటే ఆ ఫోటో పెళ్లివారికి చూపించేది, మూడు ఉంటే వారు ఆల్బమ్‌కు ఎంచుకున్నది, ఐదు ఉంటే ఆల్బమ్ షీటు నిండా వేయదగినది. ఎరుపు అంటే రంగు సరిచేయాలి, పసుపు అంటే ఫోటోషాప్‌లో రీటచింగ్ ఉంది, ఆకుపచ్చ అంటే షీటులో పెట్టడానికి సిద్ధం, నీలం అంటే ప్రింటింగ్ ల్యాబ్‌కు వెళ్లిపోయింది. ఈ నాలుగు రంగులకూ 6 నుంచి 9 వరకు అంకెల కీలు ఉన్నాయి కాబట్టి గుర్తు మార్చడానికి మౌస్ ముట్టుకోనక్కర లేదు.

ఈ గుర్తులన్నింటికీ ప్రయోజనం చేకూర్చేవి స్మార్ట్ కలెక్షన్లు, అంటే మనం రాసిన నియమానికి సరిపోయే ఫోటోలు వాటంతటవే చేరే జాబితాలు. మూడు నక్షత్రాలు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, రంగు ఆకుపచ్చ కానిది, నీలం కానిది అని నియమం రాసి పెడితే, ఇంకా మిగిలిన పని మొత్తం ఒకచోటికి వచ్చి చేరుతుంది. ఒక ఫోటోకు ఆకుపచ్చ గుర్తు పెట్టిన మరుక్షణం అది ఆ జాబితాలోంచి తప్పుకుని షీటుకు సిద్ధమైన వాటిలో చేరుతుంది. పక్కన కనిపించే అంకె తగ్గుతూ వస్తుంటే పని ఎంత జరిగిందో ఎవరూ చెప్పనక్కర లేదు. ఎరుపు గుర్తు ఉండి ఏ దిద్దుబాటూ జరగనివి అని మరో నియమం పెడితే రంగులు చూసేవాడు పొద్దున వచ్చి నేరుగా అక్కడికే వెళతాడు. అందుకే ఒక్కో పెళ్లికి ఒక్కో క్యాటలాగ్ (ఫోటోల లెక్క, గుర్తులు, దిద్దుబాట్లు ఉండే లైట్‌రూమ్ ఫైలు) కాకుండా, సీజన్ అంతటికీ ఒకే క్యాటలాగ్ పెట్టుకోవాలని గట్టిగా చెబుతున్నాను. అప్పుడు మిగిలిన పని అన్ని పెళ్లిళ్లకూ కలిపి ఒకే తెర మీద కనిపిస్తుంది. ఫోల్డరు పేరును నియమంలో చేర్చితే ఏ పెళ్లికి ఆ పెళ్లి విడిగానూ కనిపిస్తుంది. పెళ్లికూతురి తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది.

పెళ్లివారి చేత ఎంపిక చేయించడానికి కలెక్షన్‌ను క్లౌడ్‌కు పంపి, ఆ లింకును వాట్సాప్‌లో ఇవ్వవచ్చు. వారు నచ్చినవాటికి లైక్ కొడితే అది మన క్యాటలాగ్‌లో కనిపిస్తుంది. అయితే స్మార్ట్ కలెక్షన్లను క్లౌడ్‌కు పంపే వీలు లేదు; అందులోని ఫోటోలను మామూలు కలెక్షన్‌లోకి చేర్చి పంపాలి. ఇంత చక్కని ఏర్పాటులో ఈ అడ్డు ఎందుకు మిగిల్చారో నాకు అర్థం కాదు. ఇక పెద్దవాళ్లు నిర్ణయించే ఇళ్లలో అమ్మమ్మ, పెదనాన్నగారు టీవీ ముందు కూర్చుని పెన్‌డ్రైవ్‌లో చూసి ఫోటో నంబర్లు కాగితం మీద రాసి పంపుతారు. ఫైలు పేరులో వరుస సంఖ్య స్పష్టంగా ఉంటే ఆ కాగితాన్ని చూసి నక్షత్రాలు వేయడం సులువు. పేర్లు మార్చే టెంప్లేట్‌లో సంఖ్యను చివర నాలుగు అంకెలుగా పెట్టమని నేను చెప్పేది ఇందుకే.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన రంగుల సమస్యలకు ప్రీసెట్లు బాగా అక్కరకు వస్తాయి. దిండి వైపు కొబ్బరి తోటల్లో ప్రీవెడ్డింగ్ తీస్తే ఆకుల్లోంచి దిగిన వెలుగు, కింది గడ్డి కలిసి ముఖాల మీద పచ్చని ఛాయ పరుస్తాయి. ముఖ్యంగా దవడ కింద, మెడ దగ్గర అది తెలిసిపోతుంది. టింట్‌ను (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య ఛాయను మార్చే అమరికను) కొద్దిగా మెజెంటా వైపు జరిపి, ఆకుపచ్చ గాఢతను కాస్త తగ్గించిన ప్రీసెట్ ఒకటి ఉంటే మొదటి అడుగు పడుతుంది. రాత్రి ముహూర్తాలకు ఐఎస్‌ఓ (వెలుగును పట్టడంలో కెమెరా సున్నితత్వం) విలువను బట్టి నాయిస్ (మసక వెలుగులో పడే చుక్కలు) తగ్గింపు తనంతట తానే పెరిగేలా ప్రీసెట్ తయారు చేసుకోవచ్చు. మంగళస్నానం ఫోటోల్లో పసుపు ముద్దలా కనిపించకుండా, వీడియో లైటు పడిన మధుపర్కాల తెలుపులో నేత చెరిగిపోకుండా చూడడం మాత్రం మనిషి కంటికే వదలాలి. వాటిని ఒక్క బటన్‌తో చేయబోతే ఆల్బమ్ చూసిన మొదటి రోజే పెళ్లివారు పట్టుకుంటారు.

ఇక లోపం దగ్గరికి వస్తాను. లైట్‌రూమ్ క్లాసిక్ ఒక్క మనిషి కోసం కట్టిన సాఫ్ట్‌వేర్. క్యాటలాగ్‌ను నెట్‌వర్క్ డిస్కు మీద పెట్టి తెరవడం కుదరదు, ఒకే క్యాటలాగ్‌ను ఇద్దరు ఒకేసారి వాడలేరు. ఫోటోలు నెట్‌వర్క్‌లో ఉండవచ్చు కాని వాటి లెక్క మాత్రం ఒకే కంప్యూటర్‌లో ఉండాలి. ఇంటి దగ్గర నుంచి పని చేసే రంగుల మనిషికి పంపాలంటే ఆ పెళ్లి వరకు వేరే క్యాటలాగ్‌గా ఎగుమతి చేసి, పొడవు వైపు 2560 పిక్సెళ్లు ఉండే స్మార్ట్ ప్రివ్యూలను (అసలు ఫోటోల చిన్న ప్రతులను) జతచేసి ఇవ్వాలి. అసలు ఫైళ్లు స్టూడియోలోనే ఉంటాయి, పెన్‌డ్రైవ్‌లో పట్టేంత బరువుతో పని వెళ్లి వస్తుంది. తిరిగి వచ్చాక దిద్దుబాట్లను మాత్రమే ప్రధాన క్యాటలాగ్‌లో కలుపుకోవాలి. పని వెళ్లి వచ్చేలోగా ఆ పెళ్లి ఫోటోలను స్టూడియోలో ఎవరూ ముట్టకూడదు. రంగు గుర్తుల పేర్లు రెండు కంప్యూటర్లలో వేర్వేరుగా ఉంటే కలిపినప్పుడు గుర్తు తెల్లగా మారుతుంది, స్మార్ట్ కలెక్షన్లు దాన్ని పట్టుకోలేవు. కాబట్టి గుర్తుల పేర్ల సెట్‌ను ముందుగా అన్ని కంప్యూటర్లలో ఒకేలా పెట్టుకోవాలి. ఇవన్నీ చేయదగినవే, కాని ఇద్దరు ముగ్గురు కలిసి పని చేసే స్టూడియోకు ఇది ఇంత మెలికగా ఉండకూడదు.

ఈ ఒక్క విషయంలో రిజాల్వ్ చాలా ముందుంది. ప్రాజెక్ట్ సర్వర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక కంప్యూటర్‌లో పెట్టి, మిగతావాటిని తీగతో నెట్‌వర్క్ చేస్తే ఒకే ప్రాజెక్టును ఇద్దరు ముగ్గురు ఒకేసారి తెరిచి పనిచేయవచ్చు. కలిసి పనిచేసే ఈ సౌకర్యం ఉచిత కూర్పులోనూ ఉన్నది. ఒకరు పట్టుకున్న బిన్ (క్లిప్పులు ఉంచే ఫోల్డరు) మరొకరికి తాళం గుర్తుతో కనిపిస్తుంది కనుక ఒకరి పని మీద ఇంకొకరి పని పడదు. ఒకరు పూర్తి నిడివి వీడియోను మిక్సింగ్ చేస్తుంటే, మరొకరు హైలైట్స్ కట్ చేస్తుంటారు, ఇంకొకరు రంగులు దిద్దే కలర్ పేజీలో ఉంటారు. మీడియా పేజీలో ఉన్న క్లోన్ టూల్ కార్డును ఒకటి కంటే ఎక్కువ డిస్కులకు ఒకేసారి కాపీ చేసి, కాపీ సరిగ్గా పడిందో లేదో సరిచూస్తుంది. కార్డు ఖాళీ చేసే ముందు ఈ అడుగు తప్పనిసరి అని స్టూడియోలో నియమం పెట్టుకోవాలి.

రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ సెట్టింగులను ప్రీసెట్‌గా దాచుకోవడం మొదటి రోజే చేయవలసిన పని, ఎందుకంటే క్లిప్పులు చేర్చాక టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) ఫ్రేమ్ రేటును మార్చడం కుదరదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక కళ్యాణమండపం లైట్లు మిణుకుమనకుండా 25 ఫ్రేముల్లో తీయడం మేలు. డ్రోన్ తీసేవారు 30లో తెచ్చి ఇస్తే, అదే ముందుగా టైమ్‌లైన్‌లో పడితే, పెళ్లి మొత్తం ఆ లెక్కకు వంగిపోతుంది. మల్టీక్యామ్ (ఒకే ఘట్టాన్ని పలు కెమెరాలతో తీసినవి కలిపి కూర్చడం) కోసం శబ్దాన్ని బట్టి క్లిప్పులను జతపరిచే సౌకర్యం పెళ్లికి ప్రత్యేకంగా చేసినట్టే ఉంటుంది. తాళి కట్టే వేళ గట్టిమేళం మోగగానే రెండు కెమెరాల ధ్వని రేఖలూ ఒకే చోట నిటారుగా లేస్తాయి, సాఫ్ట్‌వేర్ వాటిని చక్కగా కలిపేస్తుంది. డ్రోన్ క్లిప్పుల్లో సాధారణంగా శబ్దం ఉండదు కాబట్టి వాటిని చేత్తోనే పెట్టుకోవాలి. ఏ పెళ్లికైనా పనికొచ్చే టైటిళ్లు, స్టూడియో లోగో, పూల అంచులు పవర్ బిన్‌లో వేసి ఉంచితే ప్రతి ప్రాజెక్టులోనూ అందుబాటులో ఉంటాయి. వీడియోలో నాయిస్ తగ్గించే సౌకర్యం మాత్రం డబ్బు కట్టే కూర్పులోనే ఉంది. మసక వెలుగులో పల్లె పెళ్లిళ్లు ఎక్కువగా తీసేవారికి ఆ ఖర్చు న్యాయమే.

చివరి దశకు రెండింటిలోనూ ప్రీసెట్లు వేరుగా పెట్టుకోవాలి. లైట్‌రూమ్ నుంచి ల్యాబ్‌కు ఒకటి, వాట్సాప్‌కు ఒకటి పెట్టి రెండింటినీ ఒకే ఎగుమతిలో తీయవచ్చు. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) దగ్గర 3600×10800 పిక్సెళ్లు అవుతుంది కనుక షీటు నిండా వేసే ఫోటోను చిన్న సైజులో ఎగుమతి చేసి డిజైనర్‌కు ఇవ్వకూడదు. రిజాల్వ్ డెలివర్ పేజీలో పెన్‌డ్రైవ్ కోసం సెకనుకు 8 మెగాబిట్ల ప్రీసెట్ ఉంచుకుంటే గంట వీడియో సుమారు 3.6 జీబీ వస్తుంది. పాత టీవీలకు కావలసిన, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పడదు. అందువల్ల పూర్తి వీడియోను గంటకు ఒక భాగం చొప్పున విడగొట్టి రెండర్ క్యూలో (తయారు కావలసిన వీడియోల వరుసలో) పెట్టి, యూపీఎస్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని, రాత్రికి నడవనివ్వాలి.