రెట్రో బోర్డుకి సౌండ్ చిప్: ఏవై, ఎస్‌ఎన్, సిడ్‌లలో ఏది మేలు?

సొంతంగా కట్టుకున్న జెడ్80 (పాత 8 బిట్ల ప్రాసెసర్) బోర్డు మీద బేసిక్ ప్రాంప్ట్ కనిపించిందంటే చాలు, తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఇదే: దీనికి సౌండ్ చిప్ ఏది పెట్టాలి? అడిగేవాళ్లంతా దాదాపు శబ్దం గురించే అడుగుతారు. అది నాలుగు రికార్డింగులు వింటే తేలిపోయే విషయం. వింటే తేలనిది వేరే ఉంది: మీ ప్రాసెసర్ రాసే వేగాన్ని ఆ చిప్ అందుకోగలదా? ఇవన్నీ ఒకటి నుంచి నాలుగు మెగాహెర్ట్జ్ యంత్రాల కాలం నాటివి. ఇప్పుడు ఇళ్లలో కడుతున్న బోర్డుల్లో చాలావరకు 7.3728 మెగాహెర్ట్జ్ మీద నడుస్తున్నాయి. చిక్కంతా అక్కడే.

లెక్క చూడండి. జెడ్80 అవుట్ ఇన్‌స్ట్రక్షన్‌లో (బయటి చిప్‌కి డేటా పంపే ఆదేశం) రైట్ పల్స్, అంటే ‘రాసుకో’ అని చిప్‌కి చెప్పే సంకేతం, రెండున్నర క్లాకుల పాటు ఉంటుంది. 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 700 నానోసెకన్లు, 7.3728 దగ్గర 339. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ వారి ఏవై-3-8910 అడిగేది 500. అంటే మామూలు బోర్డులో అది ఒక రోజు పాడుతుంది, ఇంకో రోజు ఒక ఛానల్ మింగేస్తుంది, వేడెక్కాక మరోలా ప్రవర్తిస్తుంది. చిప్ పోయిందనుకుని ఇంకొకటి కొంటారు, అదీ అంతే. యమహా వైఎం2149 పిన్‌కి పిన్ సరిపోయే జోడీయే, కానీ దానికి 300 నానోసెకన్లు చాలు. 339 ఉంది కాబట్టి బొటాబొటిగా గట్టెక్కుతుంది. నేను వైఎం వైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే. ఎన్వలప్‌లో (శబ్దం పెరిగి తగ్గే తీరులో) 16 మెట్ల బదులు 32 ఉండటం ఆ తర్వాతి మాట.

చేతిలో ఏవై మాత్రమే ఉంటే పారేయక్కర్లేదు. ఆ పోర్టు అడ్రసుకి రెండు వెయిట్ స్టేట్‌లు (ప్రాసెసర్ ఆగే అదనపు క్లాకులు) కలపండి. పల్స్ నాలుగున్నర క్లాకులై 610 నానోసెకన్లకి చేరుతుంది. ఒక 74హెచ్‌సీ74 ఫ్లిప్-ఫ్లాప్ చిప్‌తో పనైపోతుంది. వైఎంకి కూడా తిరిగి చదివేటప్పుడు 400 నానోసెకన్లు కావాలి. కాబట్టి జాయ్‌స్టిక్‌ని దాని ఇన్‌పుట్-అవుట్‌పుట్ పోర్టు మీద చదవాలనుకుంటే వెయిట్ తప్పదు. పాటలు వాయించి ఊరుకుంటే అక్కర్లేదు.

రెండో తంటా బీడీఐఆర్, బీసీ1 అనే రెండు కంట్రోల్ గీతలది. రెండూ పైకి వెళ్తే రిజిస్టర్ (చిప్ లోపలి సెట్టింగుల గడి) నంబరు లాచ్ అవుతుంది, అంటే చిప్ దాన్ని పట్టి ఉంచుకుంటుంది; బీడీఐఆర్ ఒక్కటే వెళ్తే డేటా రాసినట్టు. నంబరు లాచ్ చేసేటప్పుడు బీడీఐఆర్ ముందు లేచి బీసీ1 ఆలస్యమైతే, ఆ కాస్త సందులో కొత్త రిజిస్టర్ నంబరు పాత రిజిస్టర్‌లోకి డేటాగా పడిపోతుంది. పాటలో అప్పుడప్పుడు వినిపించే ‘టిక్’ మోతకి చాలాసార్లు కారణం ఇదే. ఒకదానికి ఒక గేటు, ఇంకోదానికి మూడు గేట్లు దాటించే డీకోడర్ గీయకండి. రెండూ ఒకే 74హెచ్‌సీటీ02 గేట్ల చిప్‌లోంచి, సమానమైన మెట్లు దాటి రావాలి. మూడో కంట్రోల్ పిన్ బీసీ2ని నేరుగా 5 వోల్ట్‌లకి కట్టేయండి.

క్లాక్ దగ్గర చాలామంది 7.3728ని నాలుగుతో భాగించి 1.8432 ఇచ్చేస్తారు. పాడుతుంది, కానీ పాత హోమ్ కంప్యూటర్లలో ఎంఎస్‌ఎక్స్ పాటలు అర సెమీటోన్ (సెమీటోన్ అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం, 100 సెంట్‌లు) పైకి, స్పెక్ట్రమ్ 128 పాటలు దాదాపు మూడింట రెండు వంతుల సెమీటోన్ పైకి పోతాయి. విడిగా ఒక 3.579545 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ (క్లాక్ పుట్టించే భాగం) పెట్టండి. వైఎం2149లో 26వ పిన్‌ని గ్రౌండ్ చేస్తే చిప్పే దాన్ని సగం చేసుకుంటుంది. ఎంఎస్‌ఎక్స్ పాటలు కచ్చితమైన శ్రుతిలో ఉంటాయి, స్పెక్ట్రమ్‌వి 16 సెంట్‌లే తేడా. ఏవైలో అదే పిన్ టెస్ట్ పిన్, దాన్ని ముట్టుకోకూడదు. దానికి క్లాక్‌ని బయటే సగం చేసి ఇవ్వాలి.

కొన్నది నిజంగా యమహాదో, ఏవై మీద పేరు గీకి మళ్లీ అచ్చేసిందో తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. 1వ రిజిస్టర్‌లో పనికొచ్చేవి నాలుగే బిట్లు. అందులో 255 రాసి తిరిగి చదవండి. ఏవై అయితే 15 ఇస్తుంది, వైఎం అయితే 255 ఇస్తుంది. ఈ పరీక్షని నెమ్మది క్లాక్ మీదో, వెయిట్ స్టేట్‌లతోనో చేయండి, లేకపోతే వచ్చిన అంకెని నమ్మలేం.

ఇక టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎస్‌ఎన్76489. పదహారే పిన్నులు, ఒకే రైట్ పోర్టు, బీబీసీ మైక్రో నుంచి కొలెకోవిజన్ దాకా తిరిగిన చిప్. వేగం సంగతి ఇది తనే చెప్తుంది: రాయగానే రెడీ పిన్‌ని 32 క్లాకుల పాటు, అంటే 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 9 మైక్రోసెకన్లు, కింద పట్టుకుంటుంది. దాన్ని జెడ్80 వెయిట్ పిన్‌కి పుల్-అప్ రెసిస్టర్‌తో కలిపితే ప్రాసెసర్ ఎంత వేగమైనా సరే ఆగి రాస్తుంది. ఒక్క జాగ్రత్త. చిప్‌కి క్లాక్ అందకపోతే రెడీ ఎప్పటికీ పైకి రాదు, యంత్రం ఆ ఒక్క అవుట్ దగ్గరే బిగుసుకుపోతుంది. 6502 (మరో పాత ప్రాసెసర్) వాళ్లు ఈ దారి పట్టకూడదు. పాత ఎన్‌మాస్ 6502 రాసేటప్పుడు ఆర్‌డీవై అనే, ఆగమని చెప్పే పిన్‌ని పట్టించుకోదు. మధ్యలో 6522 పోర్టు చిప్ పెట్టి, రైట్ పిన్‌ని సాఫ్ట్‌వేర్‌తోనే కిందికి లాగి వదలండి. బీబీసీ మైక్రోలో జరిగేదీ అదే.

ఎస్‌ఎన్ వైరింగ్‌లో అందరూ పడే గుంట ఒకటుంది: టీఐ డేటాషీట్‌లో డీ0 అంటే అన్నిటికంటే పెద్ద బిట్. డీ0ని డీ0కి కలిపితే చిప్ ఏదో గోల చేస్తుంది గానీ చెప్పిన మాట వినదు. మరొకటి, పవర్ రాగానే ఇది తనంతట తనే కూస్తుంది. రోమ్ కోడ్ మొదట్లోనే హెక్స్‌లో 9ఎఫ్, బీఎఫ్, డీఎఫ్, ఎఫ్ఎఫ్ అనే నాలుగు బైట్లు పంపి నోరు మూయించాలి. ఎస్‌ఎన్76494 అని రాసి ఉన్నది కొనేముందు చూసుకోండి, దాని క్లాక్ 500 కిలోహెర్ట్జ్ దాటకూడదు.

అంత సుళువైతే ఎస్‌ఎన్నే ఎందుకు కాదు? బేస్ లేదు. టోన్ డివైడర్ పది బిట్లే కాబట్టి 3.58 దగ్గర 109 హెర్ట్జ్ కంటే కిందికి దిగదు. వైఎం 27 దాకా దిగుతుంది. పైగా ఎస్‌ఎన్‌కి ఒకే ఆడియో పిన్. వైఎంలో మూడు ఛానళ్లూ విడివిడిగా వస్తాయి. ఏని ఎడమకి, సీని కుడికి, బీని రెండిటికీ కలిపితే స్టీరియో ఉచితం. సెకనుకి 50 ఇంటరప్ట్‌లు (ప్లేయర్ కోడ్‌ని పిలిచే సంకేతాలు) ఏర్పాటు చేసుకుంటే స్పెక్ట్రమ్ పీటీ3 ఫార్మాట్ పాటలు గుట్టలుగా వాయించుకోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి: 7వ రిజిస్టర్ పై రెండు బిట్లు పోర్టుల దిశని నిర్ణయిస్తాయి. వేరే యంత్రం పాట వాటిని మార్చేస్తే, మీ జాయ్‌స్టిక్ పోర్టు ఉన్నట్టుండి అవుట్‌పుట్ అయిపోతుంది. ప్లేయర్ కోడ్‌లోనే ఆ రెండు బిట్లని మాస్క్ చేయాలి, అంటే మారకుండా చూడాలి.

సిడ్ (కమడోర్ 64 సౌండ్ చిప్) గురించి అడగనివాళ్లు లేరు. శబ్దంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ అది ఒక మెగాహెర్ట్జ్ 6502 బస్ (డేటా దారి) మనిషి. జెడ్80 పక్కన పెట్టాలంటే డేటాని లాచ్ చేసి దాని క్లాక్‌తో కలపాలి. సిడ్‌లో 6581 రకానికి 12 వోల్ట్‌లు, 8580 రకానికి 9. తారుమారు చేస్తే 8580 పోతుంది. ఫిల్టర్ కెపాసిటర్లు కూడా వేరు, 470 పికోఫారడ్‌లు 6581కి, 22 నానోఫారడ్‌లు 8580కి. పైగా సంతలో దొరికేవాటిలో ఫిల్టర్ చచ్చినవి, పేరు మార్చినవి బోలెడు. సిడ్డే కావాలంటే ఆర్మ్‌సిడ్ లాంటి బదులు చిప్ పెట్టుకుని, అసలుదాన్ని కమడోర్ 64కే వదిలేయండి.

ఎఫ్‌ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్‌తో పుట్టించే స్వరాలు) కావాలంటే వైఎం2413 తీసుకోండి. 18 పిన్నులు, బయట డీఏసీ (అంకెల్ని శబ్ద సంకేతంగా మార్చే చిప్) అక్కర్లేదు. వైఎం3812కైతే వైఎం3014, వైఎం2151కి వైఎం3012 జతగా వెతుక్కోవాలి. వైఎం2413కి రిజిస్టర్ నంబరు తర్వాత 12, డేటా తర్వాత 84 క్లాకులు ఆగాలి. 3.58 మెగాహెర్ట్జ్ యంత్రానికి రాసిన ప్లేయర్‌ని 7.37 మీద యథాతథంగా నడిపితే ఆ ఆలస్యం సగానికి పడిపోయి స్వరాలు రాలిపోతుంటాయి. డిలే లూప్ కౌంట్‌ని రెట్టింపు చేశాకే చిప్‌ని అనుమానించండి.