కొండను కొని కాపాడే సేవ: రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్ల సంఘంపై సమీక్ష

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, రెడ్ రివర్ గార్జ్ అనే కొండలోయల ప్రాంతంలో, లీ కౌంటీలోని పెండర్‌గ్రాస్-మర్రే అనే చోటికి తొలిసారి వెళ్లినవారికి కొండకన్నా ముందు ముడిచమురు వాసన తగులుతుంది. మట్టిరోడ్డు పక్కన పాత చమురు పంపు తల ఊపుతూ కిర్రుమంటుంటుంది. దాన్ని దాటి అడవిలోకి కాస్త నడిస్తే నారింజ, బూడిద రంగు చారలతో, తేనెపట్టులా గుంటలు పడిన ఇసుకరాయి గోడ ఒక్కసారిగా ఎదురవుతుంది. దాదాపు 750 ఎకరాల ఈ భూమిని 2004లో కొన్నది ప్రభుత్వం కాదు, ధనవంతుడూ కాదు. తాడు కట్టుకుని కొండలెక్కే మామూలు మనుషులు కలిసి పెట్టుకున్న రెడ్ రివర్ గార్జ్ క్లైంబర్స్ కొయలిషన్ అనే సంఘం కొన్నది. ఆ సంఘం అందిస్తున్న సేవ గురించే ఈ సమీక్ష.

సంఘం 1996లో పుట్టింది. అప్పటికి ఇక్కడి క్లైంబింగ్‌లో చాలా భాగం డేనియల్ బూన్ జాతీయ అటవీప్రాంతంలోనే జరిగేది. అటవీశాఖకు అభ్యంతరాలు ఉండేవి, అవి న్యాయమైనవే. ఈ కొండల కింద వాన పడని రాతిచూరులు ఉన్నాయి. అక్కడి పొడి నేలలో, 3,000 ఏళ్ల కిందటే స్థానిక జాతులవారు పొద్దుతిరుగుడు వంటి పంటలను సాగుచేసుకున్నారనడానికి సాక్ష్యంగా గింజలు చెక్కుచెదరకుండా నిలిచాయి. అదే చూరుల కింద, ప్రపంచంలో మరెక్కడా పెరగని, తెల్లని నూగు ఉండే ఒక గోల్డెన్‌రాడ్ మొక్క బతుకుతుంది. 1988లో దాన్ని ముప్పు ఉన్న జాతుల జాబితాలో చేర్చారు, రక్షణ ఫలించి 2016లో తొలగించారు. ఎక్కేవారు పడిపోకుండా తాడు పట్టుకుని కింద నిలబడే మనిషి పాదాల దగ్గర ఇంత చరిత్ర ఉన్నప్పుడు, మమ్మల్ని ఎక్కనివ్వండి అని అడగడం ఒక్కటే సరిపోదు. ఎక్కడ నిలబడకూడదో కూడా నేర్చుకుని, తోటివారికి నేర్పాలి. ఈ సంఘం చేసే పనుల్లో బయటికి అంతగా కనిపించనిది, నా దృష్టిలో అత్యంత విలువైనది ఇదే.

ప్రైవేటు భూముల సంగతి వేరు. అక్కడ అనుమతి అంటే యజమాని మంచితనమే. రోడ్‌సైడ్ అనే పేరున్న కొండ 2011లో క్లైంబర్లకు మూతపడింది. కొందరు పదేపదే నిబంధనలు మీరడంతో యజమానులు విసిగిపోయారు. కొన్నాళ్లకు పర్మిట్ పద్ధతిలో మళ్లీ తెరిచారు గానీ, ఏళ్లతరబడి ఎక్కిన కొండ ఒక్క నిర్ణయంతో దూరం కాగలదని అందరికీ తెలిసివచ్చింది. మాటమీద దొరికిన అనుమతి మాటతోనే పోతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ కాగితం మీద సంఘం పేరే ఉండాలన్న ఆలోచన సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

భూమి కొనడం ఒక్కరోజు ఉత్సాహంతో అయ్యే పని కాదు. పెండర్‌గ్రాస్-మర్రే కోసం సంఘం అప్పు చేసి, ఏళ్లపాటు విరాళాలు పోగుచేసి తీర్చింది. అక్టోబరులో జరిపే రాక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవం ఆ నిధుల సేకరణకు వెన్నెముకగా నిలిచింది. 2013లో మిల్లర్ ఫోర్క్ దగ్గర 309 ఎకరాలు, 2017లో బాల్డ్ రాక్ దగ్గర 102 ఎకరాలు సంఘం చేతికి వచ్చాయి. రెండోదాంట్లోనే మదర్‌లోడ్ ఉంది. గోడ ముందుకు వాలి, చేతుల సత్తువంతా పిండేసే ఆ కొండ కోసం దేశదేశాల నుంచి వస్తారు. ఇలాంటి కొనుగోళ్లకు జాతీయ స్థాయిలో 1991 నుంచి పనిచేస్తున్న యాక్సెస్ ఫండ్ అనే క్లైంబర్ల సంస్థ తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది. ఒక సంఘం తీర్చిన సొమ్ము మరో ఊళ్లో మరో కొండకు అప్పుగా వెళ్తుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

కొన్నంత మాత్రాన అంతా సొంతమైపోయిందనుకోకూడదు. కెంటకీలో నేల ఒకరిదిగా, కింది ఖనిజం మరొకరిదిగా ఉండవచ్చు. మొదట చెప్పిన చమురు పంపు అందుకే అక్కడ ఉంది. చమురు తీసేవారికి ఆ నేలమీదుగా రాకపోకల హక్కు ఉంటుంది కాబట్టి, వారి బండి తిరిగే దారికి అడ్డంగా కారు ఆపి కొండెక్కడానికి పోయే మనిషి తనకు తెలియకుండానే సంఘానికి తగవు తెచ్చిపెడతాడు. దయచేసి ఆ పని చేయకండి. మరో చట్టం సంఘానికి అండగా ఉంది. రుసుము తీసుకోకుండా జనాన్ని వినోదం కోసం తన నేలలోకి రానిచ్చే యజమానిపై, తెలిసి తెలిసి ప్రమాదాన్ని దాచిపెడితే తప్ప, గాయాల బాధ్యత సాధారణంగా పడదు. రుసుము వసూలు చేస్తే ఆ రక్షణ సన్నగిల్లుతుంది. కాబట్టి ఇక్కడ టికెట్ లేకపోవడాన్ని చూసి ఇది ఎవరి ఖర్చూ లేని చోటు అనుకోవద్దని నా మనవి.

దారులు బాగుచేసే రోజున ఒకసారి నేనూ వెళ్లాను. వానకు కోసుకుపోయిన ఏటవాలు దారిలో దుంగలు అడ్డంగా పాతి, వెనకవైపు కంకర నింపి మెట్లు కట్టే పని. బకెట్‌లో కంకర నింపుకుని పైకి మోయడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ కిందికి దిగడం. మధ్యాహ్నానికి మాకు తయారైనవి పదకొండు మెట్లు. నీళ్లు మెట్ల మీదుగా కాకుండా పక్కకు మళ్లేలా ప్రతి దుంగనూ కాస్త వాలుగా పెట్టించారు. ఆ కొద్దిపాటి వాలు లేకపోతే రెండు వానాకాలాల్లో మెట్టు కింద మట్టి జారిపోతుందని పక్కనున్న పెద్దాయన దిమ్మిస దించి మరీ చెప్పారు.

ఈ సంఘం నుంచి గైడ్‌నో, తాడు తగిలించడానికి రాతిలో బిగించిన ప్రతి బోల్టుకూ హామీనో ఆశించేవారికి నిరాశ తప్పదు. అది దాని పని కాదు. సెలవురోజుల్లో పేరున్న గోడల దగ్గర రద్దీ ఎక్కువ. ఎక్కేవారు పెరిగేకొద్దీ నేల అరుగుదల పెరుగుతుంది. నా లెక్కలో ఇకముందు కొత్త ఎకరాలకన్నా ఇదే పెద్ద సవాలు. మరోవైపు ఆ రద్దీ వల్ల చుట్టుపక్కల కౌంటీలకు మేలు కూడా జరుగుతోంది. ఈ ప్రాంతంలో క్లైంబర్లు అప్పట్లోనే ఏటా సుమారు 36 లక్షల డాలర్లు ఖర్చుచేసేవారని ఈస్టర్న్ కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్నేళ్ల కిందట చేసిన అధ్యయనం తేల్చింది. పేదరికం ఎక్కువగా ఉన్న ఆ కొండప్రాంతంలో స్థానిక అధికారుల ముందు కూర్చుని మాట్లాడేటప్పుడు ఆ అంకెకు బరువుంటుంది.

అక్కడికి ఒక్కసారి వెళ్లేవారైనా సరే సభ్యత్వం తీసుకోవాలనే చెబుతాను. వీలైతే దారుల పని జరిగే రోజు చూసుకుని వెళ్లండి, చేతికి మందపాటి తొడుగులు పట్టుకెళ్లండి. కంకర బకెట్లు ఎప్పుడూ మోసేవాళ్లకన్నా ఎక్కువే ఉంటాయి.