పర్టిస్ క్రీక్: అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళాల్సిన చెరువు

డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి, అందులోనూ ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంటే చూడలేకపోతున్నవాళ్ళకి ఈ రివ్యూ. చేపలు పట్టడం అంటే ఏ కాస్త ఇష్టం ఉన్నా పర్టిస్ క్రీక్ స్టేట్ పార్క్‌కి వెళ్ళండి. నేను నాలుగుసార్లు వెళ్ళాను, అందులో మూడుసార్లు మా నాన్నతో. ఐదుకి ఐదు ఇస్తున్నాను.

ఇక్కడ లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్దనోటి చేప పేరెత్తగానే అందరూ లేక్ ఫోర్క్ పేరే చెప్తారు. దానికి ఆ పేరు ఊరికే రాలేదు. 27,000 ఎకరాల రిజర్వాయరు, 1992 జనవరిలో అక్కడ పడిన 18.18 పౌండ్ల బాస్, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు చేప, ఇప్పటికీ టెక్సస్ రికార్డు. ఆ లెక్కలు చదివే నేను కూడా మొదట్లో పెద్ద చెరువుల వెంటే పడ్డాను. నాన్న వచ్చిన కొత్తలో ఒక పెద్ద రిజర్వాయరు మీద గైడ్‌ని మాట్లాడాను, వందల డాలర్లు కట్టాను. ఆయన (పేరు వద్దులెండి) పడవని ఒకచోట పది నిమిషాలు కూడా ఆపలేదు, నీళ్ళ కింద చేపల్ని చూపించే స్క్రీన్ మీద ఏమీ కనబడకపోతే చాలు ఇంజన్ స్టార్ట్ చేసి ఇంకో మూలకి పరిగెత్తించడమే. ఆ ఊపుకి డెబ్బై ఏళ్ళ నాన్న రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నారు తప్ప గాలం పట్టుకున్నది తక్కువ. ఇంటికి వచ్చాక ఏమీ అనలేదు, అదే నాకు బాధేసింది. ఆయన కృష్ణా కాలువల మీద చిన్నప్పటి నుంచి వెదురు గాలంతో చేపలు పట్టిన మనిషి.

పర్టిస్ క్రీక్‌లో ఆ గోలే ఉండదు. చెరువు 355 ఎకరాలే. పడవలు ఇంజన్‌ని ఐడిల్‌లో పెట్టుకుని నెమ్మదిగా పోవాల్సిందే, అల లేవకూడదు, ఒకేసారి 50 పడవలకి మించి నీళ్ళలోకి వదలరు. స్కీయింగ్ లేదు, రొద లేదు. చెరువు కట్టినప్పుడు చెట్లని అన్నిచోట్లా కొట్టేయకుండా చాలావరకు నీళ్ళలో అలాగే వదిలేశారు, అవి ఎండి మోడులై నిలబడి ఉంటాయి. బాస్ కాపురం అంతా ఆ మోడుల నీడలోనే. డాలస్ నుంచి 175 హైవే పట్టుకుని యూస్టేస్ దాకా పోయి అక్కడ ఉత్తరానికి తిరగాలి, మొత్తం 60 మైళ్ళ పైన ఉంటుంది. ఫ్రిస్కో వైపు వాళ్ళు గంటన్నర వేసుకోండి.

చాలామందికి తెలియని విషయం ఒకటి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి చేపలు పట్టడానికి ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకైనా సరే, గేటు దగ్గర ప్రవేశ రుసుము కడితే చాలు, ఇంకే కాగితమూ అడగరు. చాలా పార్కుల్లో గాలాలు కూడా అరువిస్తారు, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. కానీ ఏ చేప ఏ సైజుదాకా ఉంచుకోవచ్చో ఒక్కో చెరువుకి ఒక్కో రూల్, అది మాత్రం వెళ్ళే ముందు తప్పకుండా చదువుకోండి.

ఇక ఎర. ఇక్కడ బాస్‌కి బతికున్న కప్పో వానపామో గుచ్చాల్సిన పని లేదు. ఐదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఒకటి దొరుకుతుంది, లోపల ఉప్పు కలిపి పోస్తారు కాబట్టి సీసపు గుండు లేకుండానే దానంతట అదే మునుగుతుంది. ముల్లుని కొసకి కాకుండా సరిగ్గా నడుముకి గుచ్చాలి, అప్పుడు మునిగేటప్పుడు రెండు కొసలూ వణుకుతాయి. ఆ వణుకే దాని గొప్పంతా. చేప రెండుసార్లు పట్టి లాగితే పురుగు తెగిపోతుంది, అందుకని నడుముకి చిన్న రబ్బరు రింగు ఒకటి తొడిగి ముల్లుని ఆ రింగు కిందుగా పోనిస్తే ఒక్క పురుగుతో పొద్దంతా గడిచిపోతుంది. దారం చుట్టే రీళ్ళలో కొత్తవాళ్ళు స్పిన్నింగ్ రీలే తీసుకోండి, బెయిట్‌కాస్టర్ అనే రెండో రకం చేయి తిరిగితే గానీ దారం చిక్కుపడకుండా వదలదు.

నాన్నకి ఇవన్నీ చెప్పాలని ముందురోజు రాత్రి వీడియోలు చూసి రెడీ అయ్యాను. ఆయన ఒడ్డున నిలబడి నీళ్ళకేసి ఐదు నిమిషాలు చూసి, "ఒరేయ్, ఈ చేప ఎక్కడుంటుంది, గుబురులోనేనా?" అన్నారు. అవునన్నాను. "కాపు కాసి పట్టే రకమేగా?" అన్నారు. అవునన్నాను. "అయితే మన కొర్రమీను బుద్ధే" అని ఇంకేమీ అడగలేదు. నిజమే కదా అనిపించింది, రెండూ నాచులో నక్కి ఉండి పక్కనుంచి పోయేదాన్ని ఒక్క గుటకలో మింగేవే. కాకపోతే కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, నాన్న ఆ బుడగల కోసమే వెతుకుతున్నారు. ఇది పైకి రాదు నాన్నా అని చెప్తే, "మరి దారమే చూడాలన్నమాట" అన్నారు.

దారమే చూశారు. ఒక మోడు పక్కన పురుగుని వేసి, లాగకుండా, దారాన్ని వదులుగా ఉంచి, పెదవులు కదిలిస్తూ ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటున్నారు. పురుగు కిందికి పోతున్నంతసేపూ దారం కొద్దికొద్దిగా లోపలికి జారుతుంది. పన్నెండో పదమూడో లెక్కకి అది జారడం ఆగి, పక్కకి, అంటే మోడు వైపుకి, నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను, ఆయన అప్పటికే గాలం ఎత్తేశారు.

మూడు పౌండ్లకి అటూఇటూగా ఉంటుంది. నీళ్ళ మీదికి ఎగిరి తల విదిల్చింది, ఆ నోరు చూడాలి, పిడికిలి పట్టేంత ఉంది, దవడ కొస కంటిని దాటి వెనక్కి పోయి ఉంది. వీపు పాచి రంగు, పక్కన తల నుంచి తోక దాకా మసిపూసినట్టు ఒక నల్లటి చార. చేతులు తడుపుకుని పట్టుకోండి అని చెప్పాను, లేకపోతే ఒంటి మీది జిగురు ఊడిపోయి చేపకి జబ్బు చేస్తుంది. కింది పెదవిని బొటనవేలితో పట్టుకోవచ్చు, కొరికే పళ్ళు కావవి, గరుగ్గా ఎమరీ పేపర్‌లా తగులుతుంది. నాన్న బొటనవేలి మీద ఆ గీతలు సాయంత్రం దాకా ఉన్నాయి, అమ్మకి రెండుసార్లు చూపించారు.

వదిలేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు మొదట. "పట్టి వదలడానికా ఇంత దూరం వచ్చింది?" అన్నారు, అమ్మ కూడా పులిహోర డబ్బా మూత తీస్తూ ఆయన వైపే మాట్లాడింది. చివరికి ఆయనే నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని కింది నుంచి పట్టి నిలబెట్టారు. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి, తర్వాత తోక ఒక్కసారి ఊపి వెళ్ళిపోయింది. తినడానికే అయితే అక్కడ క్యాట్‌ఫిష్ కూడా ఉంది, అది పులుసుకి బాగుంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. జులై, ఆగస్టుల్లో పగటిపూట పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, టెక్సస్ ఎండకి తట్టుకోలేరు, పైగా వేడికి బాస్ కూడా లోతుకి పోతుంది. వసంతంలో శని, ఆదివారాలు జనం ఎక్కువ, వీలైతే మామూలు రోజున సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళండి. ఆ కాలంలోనే ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలో పళ్ళెమంత గుండ్రటి శుభ్రమైన మచ్చలు కనిపిస్తాయి, అవి గూళ్ళు, మగ బాస్ కాపలా ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు నాన్న అలాంటిది ఒకటి చూసి గాలం పక్కన పెట్టేశారు. "పిల్లల మీద ఉంది, పద, అవతలికి పోదాం" అన్నారు. సామాను సర్దుకుని పక్క మోడు దగ్గరికి వెళ్ళాం.