క్రియాటిన్ రోజుకు ఎంత? రెండేళ్లు వాడాక నా లెక్క ఇది

నల్గొండలో గడియారం సెంటర్ దగ్గరి జిమ్‌లో చేరినప్పుడు నా బరువు 68 కిలోలు. మొదటి వారమే ట్రైనర్ చెప్పేశాడు, క్రియాటిన్ (కండరాల బలానికి జిమ్‌వాళ్లు తాగే పొడి) ఆరు రోజులు రోజుకు 20 గ్రాములు నాలుగు సార్లుగా వేసుకో, ఆ తర్వాత రోజూ 10 అని. ఇలా మొదట్లో ఎక్కువ వేసుకునే లోడింగ్ అనేది ఉన్న పద్ధతే, కానీ నేను బద్ధకించి ఆ 20 గ్రాములు రెండుసార్లలోనే తాగేశాను. మూడో రోజుకు కడుపు ఉబ్బరం, విరేచనాలు, ఇంక చెప్పొద్దు. మా అమ్మయితే "ఏం తెల్లపొడిరా అది, పారెయ్యి ముందు" అని ఒకటే గోల.

లోడింగ్ చేస్తే కండరాలు క్రియాటిన్‌తో వారంలో నిండుతాయి, చేయకుండా రోజూ 3 నుంచి 5 గ్రాములు వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో అక్కడికే చేరతాయి. నేనేం పోటీలకు పోతున్నానా? అప్పటి నుంచి 3 గ్రాములే, అన్నం తిన్నాక, జిమ్‌కు పోని రోజు కూడా.

స్కూపు సంగతి మాత్రం చూసుకోండి. బంగారం షాపులో పనిచేసే మా బావ కాటా మీద తూచి చూస్తే, మొదట్లో నేను గోపురంలా నింపి 5 అనుకుని తాగిన స్కూపు 7 గ్రాములు వచ్చింది.

నెలలో కిలోన్నర పెరిగాను. అది కండ కాదు, కండరాల్లో చేరిన నీళ్లు. అసలు తేడా బెంచ్‌ప్రెస్‌లో, 50 కిలోలు ఆరుసార్లు దగ్గర ఆగేవాణ్ని, రెండు నెలలకు తొమ్మిదికి వచ్చాను. మాంసం ముట్టని మా దోస్తుకు నాకంటే బాగా పనిచేసింది, తిండిలో క్రియాటిన్ దొరికేది ఎక్కువగా మాంసం చేపల్లోనే కాబట్టి అలా జరుగుతుందట.

ఒకసారి రక్త పరీక్షలో, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ 1.4 వచ్చి టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. క్రియాటిన్ వేసుకుంటే ఆ అంకె కొంచెం పెరగొచ్చు, కిడ్నీ చెడకపోయినా. డాక్టరుకు పొడి సంగతి చెబితే కొన్నాళ్లు ఆపించి, కిడ్నీకే ఇంకో పరీక్ష, సిస్టాటిన్ సి కూడా చేయించారు, బాగానే ఉంది. ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా డబ్బా తెరవొద్దు.

మామూలు క్రియాటిన్ మోనోహైడ్రేటే వాడుతున్నా. 250 గ్రాముల డబ్బా 80 రోజులు దాటి వస్తోంది, ట్రైనర్ చెప్పిన రోజుకు 10 లెక్కన పోతే 25 రోజులకే ఖాళీ.