కోనసీమలో కాపురానికి ఏది మేలు: లంక గ్రామమా, సముద్రతీరమా, కాలువ గట్టా?

ఉద్యోగ విరమణ చేసి మేము కోనసీమకు మకాం మార్చినప్పటి నుండి బంధుమిత్రులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. సంక్రాంతికి వచ్చి, నాలుగు రోజులు కొబ్బరి తోటల నీడన తిరిగి, తిరుగు ప్రయాణానికి సంచులు సర్దుకుంటూ "మేమూ ఇక్కడే ఒక ఇల్లు చూసుకుందామనుకుంటున్నాం, ఎటువైపు మేలు?" అంటారు. చూడటానికి మేలైన చోటూ ఉండటానికి మేలైన చోటూ ఇక్కడ ఒకటి కావని నా అభిప్రాయం. ఆ రెండింటినీ వేరు చేసేది నీరు. అయితే నీరు ఎంత దగ్గరలో ఉందన్నది కాదు, వచ్చిన నీరు ఎటు పోతుందన్నదే నేను మొదట చూడమనే విషయం.

అందానికి పోటీ పెడితే లంక గ్రామాలకే మొదటి స్థానం ఇవ్వాలి. గోదావరి పాయల నడుమ ఒండ్రు నేలలో అరటి, కూరగాయలు, పూలతోటలు పెరిగే ఈ ఊళ్లకు కొన్నిచోట్ల పడవ మీద, కొన్నిచోట్ల కాజ్‌వే మీద చేరుకోవాలి. మాఘమాసపు ఉదయాన రేవు దాటి అవతలి గట్టున దిగిన వారెవరికైనా అక్కడే ఉండిపోవాలనిపించడం సహజం. కాని ఈ ఊళ్లలో అధిక భాగం ఏటిగట్టుకు లోపల, అంటే నది వైపున ఉన్నాయి. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. మొదటి హెచ్చరిక నాటికే, అంటే దిగువకు సుమారు 10 లక్షల క్యూసెక్కులు వదిలే వేళకే, పల్లపు కాజ్‌వేల మీదికి ఎర్రనీరు ఎక్కుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ధవళేశ్వరం నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది; లంకలలోని ఇళ్లు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి.

లంకవాసులకు ఇది కొత్త కాదు. భద్రాచలం లెక్క వినగానే పశువులను గట్టుకు తోలడం, ధాన్యాన్ని అటక ఎక్కించడం, పడవను ఇంటి వాకిట కట్టుకోవడం వారికి తరాలుగా అలవాటైన పని. ఆ అలవాటు, ఆ చేదోడు మనుషులు లేని అరవై ఏళ్ల దంపతులు ఆగస్టు అర్ధరాత్రి గుండెనొప్పితో రేవు దాటవలసివస్తే ఏమి చేయాలో ముందుగానే ఆలోచించుకోవాలి. పైగా లంకలో నేల కొనదలచినవారు అది పట్టా భూమియా, ప్రభుత్వ లంక భూమియా అన్నది తేల్చుకోవాలి. నది కోత ఏ ఒడ్డును తింటోందో కూడా చూడాలి. పత్రాలలో ఉన్న సెంట్లన్నీ పదేళ్ల తరువాత ఒడ్డున ఉంటాయన్న హామీ లేదు.

సముద్రతీరం గురించి నేను ఎక్కువ చెప్పను. గోదావరి పాయలైన వసిష్ఠ అంతర్వేదిలో, వైనతేయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలిసే చోట్లు, వాటి మధ్యన సరుగుడు తోటలు, విశాలమైన ఇసుక తీరం ఒక్కసారైనా చూడదగినవే. ఉండటానికి మాత్రం అక్కడి భూగర్భ జలంలో ఉప్పు మొదటి అడ్డంకి, రొయ్యల చెరువులు రెండవది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లను పడగొట్టిన సంగతి ఇక్కడ ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతారు. ఇటీవల శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట పోటు నీరు ఎగదన్ని కేశనపల్లి వైపు కొబ్బరి తోటలు మోడుబారిన తీరు చూస్తే, సముద్రం ఊళ్లోకి రావడానికి తుపానే అక్కరలేదని తెలుస్తుంది.

ఇక మిగిలింది కాలువ గట్టు. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట మొదలుకొని ఇక్కడి జనజీవనమంతా మధ్య డెల్టా కాలువల వెంటే అల్లుకొని ఉంది. పి.గన్నవరం అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) మీదుగా వైనతేయను దాటి ఆ నీరే రాజోలు వైపు పొలాలకూ చేరుతుంది. ఇంటి ముందు పంట కాలువ, వెనుక తోట, పక్కనే బస్సు నడిచే రోడ్డు ఉంటే ఇంకేమి కావాలని మేము కూడా అనుకున్నాం. మేము మొదట ఇష్టపడిన స్థలం సరిగ్గా అలాంటిదే. జనవరిలో చూసి మురిసి, బయానా ఇవ్వడానికి సిద్ధపడ్డాం. ఎరువుల దుకాణం అరుగు మీద కూర్చున్న ఒక వృద్ధ రైతు మా మాటలు విని, "కాలువుంటే సరిపోద్దేంటండీ? ముందు మురుగు ఎటు దిగుద్దో చూసుకోవాలండి" అన్నారు. ఆయన మాట మీద గౌరవంతో బేరం వాయిదా వేసి, అక్టోబరులో వాన వెలిసిన నాలుగో రోజున మళ్లీ వెళ్లాం. మేము ఇల్లు కట్టాలనుకున్న చోట మోకాలి లోతు నీరు నిలిచి ఉంది. కాలువ పొంగలేదు, గట్టు తెగలేదు. పడిన వాన పోవడానికి దారి లేదు, అంతే. వాననీటిని సముద్రానికి తీసుకుపోవలసిన దిగువ మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి, పైకి పచ్చిక మైదానంలా కనిపించింది.

డెల్టా నేల సముద్రం వైపు అతి తక్కువ వాలుతో దిగుతుంది కనుక నీరు తనంతట తాను పరుగెత్తదు. మురుగు కాలువ చివర సముద్రంలో కలిసే మొగ ఇసుక మేట వేసినా, అదే సమయానికి సముద్రం పోటు మీద ఉన్నా, పైనున్న పది ఊళ్ల వాననీరు వెనక్కి తంతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చులతో పాటు ఈ ముంపు బాధ కూడా వారి మొరలలో ఉంది. అందువల్ల స్థలం చూపించేవారు కాలువను ఎంత మురిపెంగా చూపించినా, మీరు మాత్రం మురుగు కాలువ వరకు నడిచి వెళ్లండి. చుట్టూ పల్లపు చేలు ఉండి మధ్యలో పాత పెంకుటిళ్లు ఉన్న మెరకను వెతకండి. తాతల నాటి ఇల్లు నిలిచిన చోట నీరు నిలవదని ధైర్యంగా నమ్మవచ్చు. మేము చివరకు అలాంటి మెరక మీద, ఏటిగట్టుకు బయట, ఒక పాత ఇల్లు తీసుకున్నాం. కాలువ మా ఇంటి ముందు లేదు, పది నిమిషాల నడకలో ఉంది. గట్టు బయట ఉన్నంత మాత్రాన పూర్తి రక్ష అని కూడా చెప్పలేను. 1986 ఆగస్టు వరదలో గట్లే తెగాయి.

కాలువ ఊళ్లలో చిక్కు వేసవిది. పూడికతీతకు, మరమ్మతులకు కాలువలు కట్టేసిన వారాలలో ఊరి మంచినీటి చెరువే ఆధారం. అది ముందుగా నిండిందో లేదో, బోరు నీరు తియ్యనిదో కాదో అడిగి తెలుసుకోవాలి. తోట మీద ఆదాయంతో బతకవచ్చనుకునేవారికి ఒక మాట: చెట్టెక్కి కొబ్బరికాయలు దింపే కార్మికులు దొరకడమే ఇప్పుడు కష్టం, ధర ఏ నెలకు ఆ నెలదే.

అమలాపురం పట్టణంలో ఉండవచ్చు గదా అని కొందరు అంటారు. ఉండవచ్చు, 2022లో జిల్లా కేంద్రమైంది, ఆసుపత్రులు ఉన్నాయి. అయితే పట్టణంలోనే ఉండదలిస్తే ఉన్న పట్టణాన్ని వదలి రావడం ఎందుకో నాకు తెలియదు. అరకు సంగతి అడిగేవారికి జవాబు ఇంకా చిన్నది: అది షెడ్యూల్డ్ ప్రాంతం, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి వీలు లేదు. రైలెక్కి బొర్రా గుహలు, కాఫీ తోటలు చూసి రండి.

కేవలం చూడటానికి వచ్చేవారైతే నా వరుసను తలకిందులు చేసుకోవచ్చు. వారికి లంకలే మొదటివి, తీరం తరువాతది, మా కాలువ ఊళ్లు దారిలో కనబడితే చాలు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది రథోత్సవం ఈ నెలల్లోనే వస్తాయి. అమలాపురానికి రైలు లేదు గనుక రాజమహేంద్రవరంలో గాని నరసాపురంలో గాని దిగాలి. నరసాపురం నుండి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వసిష్ఠను దాటి సఖినేటిపల్లి చేరడం నాకు ఇష్టమైన దారి. ఇల్లు కొనే ఆలోచన ఉన్నవారు మాత్రం ఇంకొకసారి, అక్టోబరులో, పెద్ద వాన వెలిసిన మూడు నాలుగు రోజులకు రండి. మా ఇంట గది ఖాళీగానే ఉంటుంది, మురుగు కాలువ దాకా నేనే తీసుకువెళ్తాను.