ఒంగోలు ఎండల్లో సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్

సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ బేరంలో అందరూ మొదట అడిగేది ల్యాంపు ఎన్ని గంటలు వెలిగిందని. అమ్మేవారు కూడా ఆ అంకెనే ముందు పెడతారు. మరొకరు వాడి అమ్మిన 3ఎల్‌సీడీ రకం ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌ను ఒంగోలులోని మా మేడ గదిలో కొన్నేళ్లుగా నడుపుతున్న నాకు ఆ అంకె మీద పెద్ద గురి లేదు. ల్యాంపు అరిగితే కొత్తది వేసుకోవచ్చు. లోపల బొమ్మను రూపొందించే ప్యానెళ్లు, వాటికి ముందూ వెనుకా ఉండి ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పోలరైజర్ పొరలు వేడికి పాడైతే మాత్రం ఆ యంత్రం మీద పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

పైగా ఆ లెక్క మార్చలేనిదేమీ కాదు. ల్యాంపు మార్చిన తరువాత మెనూలోకి వెళ్లి గంటలను సున్నాకు తేవడం యజమాని చేసుకోవలసిన పనే కనుక, పాత ల్యాంపును అలాగే ఉంచి అంకెను మాత్రం సున్నా చేయడానికీ అడ్డు ఉండదు. కంపెనీలు ప్రకటించే ల్యాంపు ఆయుష్షు కూడా సాధారణంగా వెలుగు సగానికి పడిపోయే వరకు పట్టే కాలమే.

ఎల్‌సీడీ రకంలో ల్యాంపు తెల్లని కాంతిని ప్రత్యేకమైన అద్దాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కింద విడదీసి ఒక్కో రంగును ఒక్కో ప్యానెల్ గుండా పంపుతాయి. ఆపైన ఒక పట్టకం మూడింటినీ కలిపి లెన్స్‌కు అందిస్తుంది. నీలి కాంతికి శక్తి ఎక్కువ కావడం వల్ల ఎక్కువగా ఆ దారిలోని పొరలే ముందు దెబ్బతింటాయి. అప్పుడు తెల్లగా ఉండవలసిన చోట పసుపు మరక, నల్లగా ఉండవలసిన చోట నీలిఛాయ తేలుతాయి. రంగురంగుల పాట నడుస్తున్నంతసేపూ ఈ దోషం కంటికి ఆనదు కనుక, దుకాణంలో చూపించే మెరుపుల వీడియోను చూసి మురిసిపోకుండా, తెలుపు, బూడిద, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఖాళీ తెరలను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మనమే వెంట తీసుకెళ్లడం మేలు.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో నేను చూసిన వాటిలో ఒకటి ఆన్ చేసినప్పుడు చక్కగానే ఉంది. బూడిద రంగు తెరను గోడ మీద అలాగే నిలిపి ఉంచితే, యంత్రం బాగా వేడెక్కిన తరువాత కుడివైపు కింది మూలలో అరచేయంత మేర పసుపు తిరిగింది. దానికి స్పష్టమైన అంచు లేదు, మెల్లగా మధ్యకు పాకి కలిసిపోయింది. రంగుల సెట్టింగు సరిచేస్తే పోతుందన్నారు దుకాణంవారు. సెట్టింగు తెర మొత్తానికి వర్తిస్తుంది కానీ ఒక్క మూలకు వర్తించదు కదా! అందుకే దాన్ని అక్కడే వదిలేసి, గంటసేపు వెలిగించినా నాలుగు మూలలూ నడిమి భాగమూ ఒకే ఛాయలో నిలిచిన దానిని, చూపులకు పాతదైనా, తీసుకున్నాను.

మరకకూ దుమ్ముకూ తేడా తెలిస్తే బేరం మనవైపు తిరుగుతుంది. నల్లటి తెర వేసినప్పుడు ఎరుపు గానీ ఆకుపచ్చ గానీ నీలం గానీ ఒకే రంగులో మసకగా, గుండ్రంగా కనిపించే చుక్క ఆ రంగు ప్యానెల్ దగ్గర చేరిన దుమ్ము కావచ్చు. ఫోకస్ రింగును ఒక కొసకు తిప్పితే ఆ చుక్క పదునెక్కుతుంది. దాన్ని విప్పి శుభ్రం చేయించవచ్చు కనుక ధర తగ్గించమని నిస్సంకోచంగా అడగవచ్చు. కాలిన పోలరైజర్ అలా తుడిస్తే పోదు.

ప్యానెళ్లకు బదులు సూక్ష్మమైన అద్దాల చిప్‌తో బొమ్మ వేసే డీఎల్‌పీ రకంలో గొడవలు వేరు. అందులో కాంతి మార్గం చాలావరకు మూసి ఉంటుంది కనుక దుమ్ము బాధ తక్కువ. 1920×1080 చిప్‌లో ఇరవై లక్షలకు పైగా సూక్ష్మమైన అద్దాలుంటాయి. అవి కదలకుండా బిగుసుకుపోతే నల్లటి తెర మీద తెల్లని చుక్కలు మెరుస్తాయి. ఒకటి రెండు ఉన్నా వద్దనే అంటాను, అవి పెరిగే రకం. కాంతికి రంగులద్దుతూ తిరిగే చక్రం, అంటే కలర్ వీల్, బేరింగు అరిగిందేమో చెవి ఒగ్గి వినాలి.

ఇంటికి తెచ్చాక అసలు శత్రువు మన వాతావరణమే. సాధారణంగా ప్రొజెక్టర్ మాన్యువళ్లు గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల లోపు ఉండాలంటాయి. రోహిణి కార్తెలో మన దగ్గర 40 దాటుతుంది. ఏసీ చల్లబరచని గదిలో మే నెల మధ్యాహ్నం సినిమా వేయను. సాయంత్రాలు ల్యాంపు వెలుగు తగ్గించే ఎకో మోడ్‌లోనే నడుపుతాను. ఎండలు మరీ ముదిరినప్పుడు, సముద్రమట్టానికి బాగా ఎత్తయిన ఊళ్ల కోసం ఉద్దేశించిన మోడ్‌ను ఆన్ చేస్తాను. ఫ్యాను వేగం పెరుగుతుంది. చప్పుడు కూడా పెరుగుతుంది, మా ఆవిడ విసుక్కుంటుంది.

మేముండేది కర్నూలు రోడ్డు వైపు. చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీలు వచ్చే దారి అది. ఆ ధూళి ఫిల్టర్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. ఫిల్టర్ మూసుకుంటే లోపల గాలి ఆడదు, గాలి ఆడకపోతే పోలరైజర్లే కాలుతాయి కనుక, కంపెనీ చెప్పిన గడువు వరకు ఆగకుండా నెల తిరిగేసరికి చిన్న వాక్యూమ్‌తో లాగేస్తాను. ల్యాంపు వెలుగుతుండగా కరెంటు పోతే ఫ్యాను కూడా ఆగి, వేడి అక్కడే నిలిచిపోతుంది. దాదాపు 300 వాట్లు లాగే యంత్రానికి సరిపడే యూపీఎస్ ఒకటి అందుకే పెట్టాను. కార్తీకమాసపు ముసురులో గాలిలో తేమ పెరిగి లెన్స్‌కు బూజు పట్టే ప్రమాదం ఉంటుంది. మూతపెట్టి మూల పడేయకుండా, చూడవలసినదేమీ లేకపోయినా వారానికొకసారి కాసేపు వెలిగిస్తుంటాను.

ఇప్పటికి వెలుగు కొంత తగ్గింది, పగటిపూట కర్టెన్లు వేస్తే తప్ప బొమ్మ తేలదు. వంద అంగుళాల తెరకు, అంటే ఏడు అడుగులకు పైగా వెడల్పు వచ్చే బొమ్మకు, చీకటి గదిలో ఇది చాలు. ఛాయలో తేడా రాలేదు. అప్పుడప్పుడూ అదే బూడిద తెరను వేసి చూస్తుంటాను. పగలు హాల్లో టీవీకి బదులుగా వాడదామనుకునేవారు మాత్రం దీని జోలికి పోవద్దు. మిగతావారు ఆ మోడల్‌కు అసలైన ల్యాంపు ఇంకా దొరుకుతుందో లేదో, దాని ధర ఎంతో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని అమ్మకందారు చెప్పిన ధరకు కలుపుకున్న తరువాతే బేరానికి కూర్చోవాలి.