తరగతి గదిలో దినపత్రిక: ఏ పేజీ పనికొస్తుంది?
నాలుగు, ఐదు తరగతులకు పాత దినపత్రిక చవకైన సరుకే. మొదటి పేజీ జోలికి మాత్రం పోవద్దు, వాక్యాలు మరీ పొడవు. జిల్లా పేజీలు, వాతావరణం, కూరగాయల ధరలు బాగా పనికొస్తాయి. టమాటా కిలో ధర వారం రోజులు రాయిస్తే గ్రాఫుకు అంకెలు సిద్ధం. శీర్షికల్లో క్రియ తరచూ విశేషణంగా మారిపోతుంది: 'పొంగిన వాగు'. దాన్ని 'వాగు పొంగింది' అని పూర్తి వాక్యం చేయిస్తే, వ్యాకరణానికి ఇంతకు మించిన అభ్యాసం పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

కత్తిరింపులకు రెండు ప్రతులు కావాలి, లేదంటే వెనకవైపు వార్త తెగిపోతుంది. మైదా జిగురు అట్టకే పూయాలి. కాగితానికి పూస్తే నాని చిరుగుతుంది. సిరా చేతులకు అంటుతుంది, మధ్యాహ్న భోజనానికి ముందు కడిగించాల్సిందే. బోధనకు దినపత్రిక ఎంత పనికొస్తుందంటే, భాషకు ఐదుకు నాలుగు మార్కులు, సైన్సుకు రెండే ఇస్తాను.